రికార్డింగ్ సెంటర్ క్యాసెట్లు పెట్టెడు ఉన్నాయి, ఉంచాలా పారేయాలా?

తెనాలి_పిల్లోడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెనాలిలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అటక మీది సామాన్లు దించుతుంటే ఒక పెద్ద అట్టపెట్టె బయటపడింది, దాన్నిండా నా క్యాసెట్లే. 1988 నుంచి 97 దాకా, అంటే హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి ఉద్యోగంలో చేరేదాకా పోగేసినవి. కొన్ని ఎకో, లియో, సుప్రీమ్, హెచ్ఎంవీ లాంటి కంపెనీ క్యాసెట్లు. అంతకంటే ఎక్కువ రికార్డింగ్ సెంటర్లో ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి చేయించుకున్నవి. ఇంకొన్ని విజయవాడ వివిధభారతి వస్తున్నప్పుడు నేనే టేప్ రికార్డర్ పక్కన కూర్చుని పట్టుకున్నవి.

మా ఆవిడేమో "ఈ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి కదండీ, ఆ బూజు పెట్టె హైదరాబాద్ మోసుకెళ్ళి ఎక్కడ పెడతారు" అంటోంది. రెండు బెడ్రూముల ఫ్లాట్ మాది, ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఒక సంగతి ఉంది. నా క్యాసెట్ ఒకదాంట్లో గీతాంజలి పాట అయిపోగానే క్షణక్షణం పాట వచ్చేది. నేను చీటీలో అలా రాసిచ్చాను కాబట్టి వచ్చింది, అంతకుమించి ఏం లేదు. ఆ క్యాసెట్ అరిగేదాకా విన్నాను. ఇప్పటికీ ఎక్కడ ఆ మొదటి పాట విన్నా, చివరి మ్యూజిక్ తగ్గుతుండగానే నా చెవి రెండో పాట మొదటి బిట్ కోసం రెడీ అయిపోతుంది. ఫోన్లో అది రాదు, ఇంకేదో వస్తుంది, చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టు ఉంటుంది. పాట అదే, క్వాలిటీ నా క్యాసెట్ కంటే వంద రెట్లు బాగుంది, అయినా ఏదో తేడా.

మా వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "మీకు నచ్చేది ఆ పాటలు కాదు నాన్నా, మీ ఇంటర్ రోజులు" అన్నాడు. కోపం వచ్చింది గానీ ఏమనాలో తెలియలేదు.

కాబట్టి అడిగేది రెండు. ఒకటి, ఈ క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించడం ఇంట్లో అయ్యే పనేనా, అంత కష్టపడటానికి విలువ ఉందా? రెండు, నిజంగానే అప్పటి పాటలు బాగుండేవా, లేక మన వయసు అలాంటిదా? నా తరం వాళ్ళే కాదు, పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు కూడా చెప్పండి.

సైడ్_బి

అన్నా, సరైన మనిషికే తగిలింది మీ ప్రశ్న. డిగ్రీ చదివే రోజుల్లో రాజమండ్రిలో ఒక రికార్డింగ్ సెంటర్లో సాయంత్రాలు పనిచేశాను. చట్టం లెక్కన ఆ వ్యాపారం తప్పే అనుకోండి, అప్పుడప్పుడు రైడ్ అని పుకారు వస్తే ఓనరు షట్టర్ సగం దించేవాడు. కానీ ఊరంతా అక్కడికే వచ్చేది.

మీరు "చీటీలో రాసిచ్చాను కాబట్టి వచ్చింది" అన్నారు చూడండి, అక్కడ చిన్న రహస్యం ఉంది. చీటీలో మీరు రాసిన వరుస మీకు ఎప్పుడూ పూర్తిగా రాదు. సిక్స్టీ క్యాసెట్ అంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. పాట నాలుగున్నర, ఐదు నిమిషాలు ఉంటుంది కాబట్టి వైపుకి ఆరు పాటలు, మొత్తం పన్నెండు. కస్టమరు పద్నాలుగు రాసేవాడు, ఎందుకు పట్టవని గొడవ. అందుకని మేమే పాటల నిడివి చూసుకుని ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ జరిపేవాళ్ళం. ఆఖర్లో ఒకటిన్నర నిమిషం టేపు మిగిలితే ఖాళీగా వదిలేస్తే కస్టమరు ఊరుకోడు, డబ్బులిచ్చాను కదా అంటాడు. అందుకని ఏదో సినిమా టైటిల్ మ్యూజిక్కో, వీణ బిట్టో వేసి ముగించేవాళ్ళం. మీ క్యాసెట్లలో ఏ వైపైనా ఆఖర్లో మీరు అడగని మ్యూజిక్ బిట్ ఉంటే అది నాలాంటి వాడి చేతి పనే. గీతాంజలి పక్కన క్షణక్షణం మీరు పెట్టించారో, టైం సరిపోక అక్కడి కుర్రాడు పెట్టాడో ఎవరికి తెలుసు.

పండగల ముందు రద్దీ ఎక్కువైతే డబుల్ డెక్‌లో హై స్పీడ్ బటన్ నొక్కి తోసేసేవాళ్ళం. పని సగం టైంలో అయ్యేది, కానీ తాళం చప్పుడు, గజ్జెల చప్పుడు లాంటివి మొద్దుబారేవి. ఎవరైనా చెవి ఉన్న కస్టమరు అయితే "మామూలు స్పీడులో చెయ్యి తమ్ముడూ, రేపు వస్తాను" అని చెప్పి వెళ్ళేవాడు. ఇళయరాజా పాటలకి అలా చెప్పేవాళ్ళు ఎక్కువ. గీతాంజలిలో పాటలన్నీ వేటూరి రాశారు కదా, ఆ మాటలు కొన్ని అర్థంకాక లైనుకి లైను వెనక్కి తిప్పి రాసుకునే అమ్మాయిలుండేవాళ్ళు. వాళ్ళు వచ్చి "ఇక్కడ ఏమన్నాడండీ" అని మమ్మల్ని అడిగేవాళ్ళు, మాకేం తెలుసు.

ప్రేమ ఫెయిల్ అయినవాడి చీటీ దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం. రెండు వైపులా బాలు గారి విషాదమే, మధ్యలో ఒక్క హుషారు పాట ఉండదు. అలాంటి క్యాసెట్ మీద పేరు కూడా స్కెచ్ పెన్నుతో ఎర్ర ఇంకులో రాయమనేవాడు.

నా ఓటు: కంపెనీ క్యాసెట్లు ఎవరికైనా ఇచ్చేయండి. చేయించుకున్నవి ఉంచండి. ఇంకో కాపీ ప్రపంచంలో ఎక్కడా లేదు.

లెక్కల_మాస్టారు

రెండో ప్రశ్నకి నా జవాబు. మీ అబ్బాయి చెప్పింది చాలావరకు కరెక్టు, ఏమీ అనుకోకండి.

మనుషులకి తమ జీవితంలో అన్ని వయసులూ ఒకేలా గుర్తుండవు. పదేళ్ళు దాటిన దగ్గర నుంచి పాతికేళ్ళ చుట్టుపక్కల దాకా జరిగినవి మిగతావాటి కంటే గట్టిగా గుర్తుంటాయి. సైకాలజీ వాళ్ళు దీనికి రెమినిసెన్స్ బంప్ అని పేరు పెట్టారు, పాటల విషయంలోనూ అదే కనబడుతుందని చాలా పరిశోధనలు ఉన్నాయి. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, మొదటిసారి ఇల్లు వదలడం, అన్నీ అప్పుడే కదా. పాట వాటికి అతుక్కుపోతుంది.

రెండోది జల్లెడ. 90ల్లో తెలుగులో ఏడాదికి వందకు పైగా సినిమాలు వచ్చేవి. సినిమాకి ఐదు పాటలు వేసుకున్నా ఐదు వందలు దాటుతాయి. ఏదైనా ఒక సంవత్సరం తీసుకుని మీకు గుర్తున్న పాటలు రాయండి చూద్దాం, ముప్పై దాటితే గొప్ప. మిగతావన్నీ ఏమయ్యాయి? చెత్త అని మర్చిపోయాం. ఇప్పటి పాటలకి ఆ జల్లెడ ఇంకా పడలేదు, మంచీ చెడూ కలిపి ఒకేసారి చెవిలో పోస్తున్నారు, అందుకే ఇప్పటివి చెత్తగా అనిపిస్తాయి. ద్వంద్వార్థాల పాటలు, తమిళ్ ట్యూను దించేసిన పాటలు, హిందీ నుంచి లేపేసిన పాటలు అప్పుడేమీ తక్కువ లేవు.

సైడ్_బి

మాస్టారూ, జల్లెడ మాట ఒప్పుకుంటా. కానీ అప్పుడు నలభై మంది వాద్యకారులు మద్రాసులో ఒక హాల్లో కూర్చుని వాయిస్తే రికార్డు చేసేవాళ్ళు, ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు ఒక్కడు. వినే వాడికి ఆ తేడా తెలియదంటారా? అది వయసు ఎలా అవుతుంది?

లెక్కల_మాస్టారు

తేడా ఉంది. కానీ మీరు చెప్పేంత సూటిగా లేదు. 1986లోనే ఇళయరాజా కమల్ హాసన్ పున్నగై మన్నన్‌కి సీక్వెన్సర్ (వాద్యాలని తనంతట తానే వాయించే మిషన్) వాడారు. 90లు వచ్చేసరికి రిథమ్ చాలావరకు మిషనే. రోజా విని మనందరం పడిపోయింది కూడా సౌండు కొత్తగా ఉందనే కదా. అప్పట్లో పెద్దవాళ్ళు "కీబోర్డు గోల" అన్నది ఆ సౌండునే. ఇప్పుడు మనం దాన్ని పాత బంగారం అంటున్నాం.

అయితే ఒక్కటి మాత్రం నిజంగా మారింది, అది పాట కట్టే పద్ధతి. అప్పుడు పల్లవి, రెండు చరణాలు, ఆ మధ్యలో రెండు వేర్వేరు ఇంటర్లూడ్లు, అంటే వాద్యాల బిట్లు. ఇళయరాజా ఆ ఇంటర్లూడ్లలో చేసిన పని కోసమే పాటలు వినేవాళ్ళున్నారు. ఇప్పుడు పాట మూడు, మూడున్నర నిమిషాలకి వచ్చేసింది, రెండో చరణం చాలా పాటల్లో లేదు. అది లేదని బాధపడితే వయసు అనను.

ఓరుగల్లు_బిడ్డ

అందరూ సినిమా పాటల గురించే మాట్లాడుతున్నరు. మా దిక్కు 90ల్లో క్యాసెట్ అంటే సగం సినిమా కాదు.

మాది జనగామ పక్కన ఊరు. మా ఇంట్ల ఉన్న క్యాసెట్లు చెప్తా వినండి. ఒగ్గు కథలు, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ. మేడారం జాతరకు పోయినప్పుడు కొనుక్కొచ్చిన సమ్మక్క సారక్క పాటలు. బతుకమ్మ పాటలు, అవి ఏడాదికోసారి తొమ్మిది రోజులు మోగి మళ్ళ సందూకులకు పోయేటివి. ఇంకా గద్దర్ పాటల క్యాసెట్లు, అవి దుకాణంల కొన్నవి తక్కువ, చేతులు మారి వచ్చినవే ఎక్కువ, కాపీకి కాపీ, దాని కాపీ. మాట సగం వినబడదు, అయినా మాకు మొత్తం నోటికొచ్చు. 1997ల ఒసేయ్ రాములమ్మా వచ్చినప్పుడు వందేమాతరం శ్రీనివాస్ పాటలు ఊరూరా మోగినయి గదా, మా ఊళ్ళె ముసలోళ్ళు "ఇవి మన పాటల లెక్కనే ఉన్నయి" అన్నరు. సినిమాల మా యాస పాట గంత గట్టిగ వినబడుడు అప్పుడు మాకు మస్తు గొప్పగ అనిపించింది.

నేను చెప్పొచ్చేదేందంటే, మాస్టారు గారి జల్లెడ సినిమా పాటకు సరిపోతది. వాటికి కంపెనీలున్నయి, మంచి పాటలన్నీ యాప్‌లల్ల పెట్టిండ్రు. మా ఒగ్గు కథలు చాలావరకు ఎక్కడా లేవు. వరంగల్‌ల, సిద్దిపేటల చిన్న చిన్న కంపెనీలు వేసిన క్యాసెట్లు అవి, ఆ కంపెనీలే లేవిప్పుడు. బాగలేక పోలేదు, ఎవరూ ఎక్కించక పోయినయి. అందుకే తెనాలి అన్నా, మీ పెట్టెల సినిమా కానిది ఏదన్నా ఉంటే ముందు దాన్ని చూడండి. హరికథో, బుర్రకథో, నాటకం పద్యాలో.

రేడియో_తాతయ్య

నాయనా, నాకు డెబ్బై దాటింది. మనవరాలు ఈ ఫోరం నేర్పింది. తెనాలి అని చూసి ఆగాను, మాదీ ఆ పక్కనే.

పెద్దవాళ్ళని చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. మా వయసులో పాటంటే సిలోన్ రేడియో. మధ్యాహ్నం తెలుగు పాటలు వేసేవారు. మీనాక్షి పొన్నుదురై గారని ఒకావిడ తెలుగులో చెప్పేవారు, ఆ గొంతు కోసం వీధి వీధంతా రేడియో ఉన్న ఇంటి అరుగు మీద చేరేది. షార్ట్‌వేవ్ కదా, ఘంటసాల గారు పల్లవి అందుకోగానే స్టేషను దూరంగా వెళ్ళిపోయి, చరణం మధ్యలో మళ్ళీ దగ్గరకొచ్చేది. ఆ అలలతో కలిపే మాకు పాట గుర్తు. నీ క్యాసెట్ వరుస సంగతి చదివితే నాకు అదే తోచింది. ఇప్పుడు వాళ్ళు శుభ్రం చేసి పెట్టిన పాటలో ఆ పోయిరావడం లేదు, పాట బోసిగా ఉంది.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయినప్పుడు, ఇక పాట అయిపోయిందన్నాం. బాలు అప్పటికి పాడుతూనే ఉన్నాడు, 1966లో కోదండపాణి గారు మొదటి పాట పాడించారు, అయినా మాకు అతను పిల్లాడే. తర్వాత చక్రవర్తి గారి రోజుల్లో డిస్కో పాటలు వస్తే మా ఇంట్లో రేడియో కట్టేయించేవాణ్ణి. ఇప్పుడు మా పెద్దబ్బాయి ఆ పాటలే పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు.

అంతకంటే విశేషం మా నాన్నగారిది. ఆయనకి ఘంటసాల గారి పాటే ఆనేది కాదు. తెనాలి నాటకాల ఊరు కదా. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడి వేషం కట్టి పద్యం అందుకుంటే వన్స్‌మోర్ కొట్టి కొట్టి తెల్లవారిందాకా ఉండే బాపతు ఆయన. "మైకు పెట్టుకుని పాడేదీ ఒక పాటేనా, గొంతు చివరి వరసకి వినబడాలి గానీ" అనేవారు. కాబట్టి మీ అబ్బాయి మీద కోపం తెచ్చుకోకు. కానీ పెట్టె మాత్రం పారేయకు.

ఎంపీత్రీ_బ్యాచ్

నేను మీకంటే చిన్నదాన్ని, 2001లో ఇంటర్. మా పాటలు అంటే ఆర్పీ పట్నాయక్, దేవిశ్రీ మొదటి రోజులు, చక్రి, మణిశర్మ. చిత్రం, నువ్వు నేను, మనసంతా నువ్వే, ఆ మూడూ ఏడాదిన్నర లోపు వచ్చాయి, మూడింటికీ ఆర్పీ, మూడింట్లోనూ ఉదయ్ కిరణ్. మా హాస్టల్లో ఎవరి పెట్టె తెరిచినా లోపల ఉదయ్ కిరణ్ ఫొటో ఉండేది. 2014 జనవరిలో అతను పోయిన రోజు, పదేళ్ళుగా మాట్లాడుకోని హాస్టల్ ఫ్రెండ్స్ అందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. అదే ఏడాది డిసెంబర్లో చక్రి కూడా పోయాడు.

మీ అందరినీ చూస్తే నాకు కుళ్ళు. మీకు పెట్టెలో పెట్టుకోవడానికి వస్తువంటూ ఒకటి ఉంది. మావన్నీ ఎంపీత్రీ సీడీలు. ఫుట్‌పాత్ మీద కొన్న ఒక్క సీడీలో నూట యాభై పాటలు, పైన హీరోలందరి తలకాయలు. ఆ సీడీలు గీతలు పడి పోయాయి, తర్వాత హార్డ్ డిస్కు, అది చప్పుడు చేసి పోయింది, తర్వాత నోకియా ఫోను మెమరీ కార్డు, అదెక్కడుందో దేవుడికే తెలియాలి. నూట యాభై పాటలు ఒకేసారి ఉండేసరికి వరుస అన్నదే లేదు, ఏబీసీడీల లెక్కన మోగేవి. మా తరానికి ఏ పాట తర్వాత ఏ పాటో గుర్తు లేదు, ఏ పాట ఎవరి కాలర్ ట్యూనో గుర్తుంది.

అప్పట్లో పాటలు బాగుండేవా అంటే, ఆర్పీ ట్యూన్లు చాలా సింపుల్‌గా ఉంటాయని మా సంగీతం టీచర్ తీసిపారేసేవారు. అయితే ఏంటండీ. గొంతు లేనివాళ్ళం కూడా అంత్యాక్షరిలో పాడగలిగేవాళ్ళం.

రాజంపేట_కువైట్

మాస్టార్లు పాటల గురించి వాదించుకోండి గానీ, తెనాలి అన్నకి ఒక ముఖ్యమైన మాట. క్యాసెట్ మీద రాసిన పేరు చూసి ఏదీ పారేయొద్దు.

మాది కడప జిల్లా వైపు. మా ఊళ్ళల్లో ఇంటికొకరు కువైట్లో ఉంటారు, మా నాయన కూడా పోయినాడు. ఫోను చేయాలంటే అప్పట్లో నిమిషానికి ఎంత పడేదో మీకు తెలుసు. అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాళ్ళు. ఖాళీ క్యాసెట్ దొరక్కపోతే పాత పాటల క్యాసెట్టే. కంపెనీ క్యాసెట్‌కి పై అంచులో రెండు చిన్న గుంటలుంటాయి కదా, రికార్డు కాకుండా. వాటి మీద సెల్లోటేపు అంటిస్తే దాని మీదే రికార్డు అవుతుంది.

మా అమ్మ పోయినాక బీరువాలో ఒక సినిమా క్యాసెట్ దొరికింది. మొదటి వైపు మూడు పాటలు మామూలుగా వస్తాయి, నాలుగో పాట మధ్యలో టక్కుమని ఆగి మా నాయన గొంతు. "పిల్లోళ్ళు బాగుండారా, బావికి మోటరు బిగించినారా" అని మొదలుపెట్టి, సేఠ్ సంగతి, ఎండ సంగతి, మా చెల్లెలికి గౌను తెస్తాననే సంగతి. వెనకాల ఎవరిదో రేడియోలో అరబ్బీ పాట. మాట అయిపోయినాక మళ్ళీ నాలుగో పాట చివరి ముక్క. సెల్లోటేపు అంటించిన క్యాసెట్ కనిపిస్తే అది పాటల క్యాసెట్ కాదనుకోండి, ముందు దాన్ని వినండి.

తెనాలి_పిల్లోడు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రాజంపేట అన్నా, మీది చదివి వెంటనే వెళ్ళి పెట్టె మొత్తం తిరగేశాను, సెల్లోటేపు ఉన్నవి కొన్ని కనిపించాయి, పక్కన పెట్టాను. తాతయ్య గారూ, మా నాన్నమ్మ కూడా రఘురామయ్య గారి ఈల గురించి చెప్పేది.

సైడ్ బి అన్నా, రేడియో నుంచి పట్టినవాటిలో జనరంజని ఉంది. పాట కంటే ముందు కోరినవాళ్ళ పేర్లు, ఊళ్ళు చదువుతారు కదా, అప్పట్లో ఆ పేర్లు రాకుండా పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తప్పించుకుని రికార్డయిన పేర్లే ఇప్పుడు వినాలని ఉంది.

ఇప్పుడు అసలు పని. నా పాత టేప్ రికార్డర్ ఆన్ అవుతోంది గానీ తిరగడం లేదు. కొన్ని క్యాసెట్లలో టేపు మీద తెల్లటి చుక్కలున్నాయి. ఆన్‌లైన్లో వాక్‌మన్ లాంటి యూఎస్‌బీ కన్వర్టర్ చవగ్గా ఉంది, అది కొననా?

హెడ్డు_క్లీనర్

ఇంతసేపూ ఈ ప్రశ్న కోసమే చూస్తున్నా.

ఆ యూఎస్‌బీ బొమ్మ కొనకండి. తిరిగే స్పీడు నిలకడగా ఉండదు, బాలు గారి గొంతు వణుకుతుంది. తెలిసినవాళ్ళ దగ్గర పాత మంచి డెక్కు, వెనక లైన్ అవుట్ (సౌండు బయటికి తీసే రంధ్రం) ఉన్నది, ఒక వారం అప్పు తీసుకోండి. మీ టేప్ రికార్డర్ తిరగకపోవడానికి ఎక్కువగా లోపలి రబ్బరు బెల్టే కారణం, సాగిపోయో జిగురైపోయో ఉంటుంది. బెల్టు మారిస్తే తిరగొచ్చు. కోఠి గుజరాతీ గల్లీ వైపు అడగండి, ఇప్పటికీ ఇలాంటి సామాన్లు దొరుకుతాయి.

తెల్ల చుక్కలంటే బూజు. మనది తడి వాతావరణం కాబట్టి అటక మీద పెట్టినవాటికి పడుతుంది. వాటిని అప్పు తెచ్చిన డెక్కులో వెయ్యొద్దు, హెడ్డుకి (టేపు మీది పాటని చదివే భాగం) అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. విడిగా పెట్టి, ఆఖర్న, పోయినా ఫర్వాలేదనుకునే మిషన్లో చూడండి. ఆ దుమ్ము పీల్చొద్దు కూడా, మాస్కు వేసుకోండి.

మంచిగా ఉన్నవాటినైనా పెట్టగానే ప్లే నొక్కొద్దు. ఏళ్ళ తరబడి చుట్టుకుని ఉన్న టేపు పొరలు అతుక్కుని ఉంటాయి. ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ రివైండ్ చేసి అప్పుడు ప్లే. నైన్టీ క్యాసెట్లతో ఇంకా జాగ్రత్త, సిక్స్టీ కంటే వాటి టేపు పలచన, తెగినా నలిగినా అవే ముందు. ప్లే చేస్తే ఒక్కసారిగా సౌండ్ మందగిస్తే క్యాసెట్ కింది అంచు మధ్యలో చూడండి, రాగి స్ప్రింగు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉండాలి. పాతబడితే దాని జిగురు ఎండి ఊడిపోతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి టేపుని ఇంకో మంచి డబ్బాలోకి మార్చేయొచ్చు. స్క్రూలు లేకుండా అతికించేసినవాటితోనే తలనొప్పి.

అన్నీ బాగున్నా సౌండ్ మొద్దుగా వస్తుంటే హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అజిమత్ స్క్రూ. మీ రికార్డింగ్ సెంటర్ వాడి హెడ్డు ఏ కోణంలో ఉండేదో మీ డెక్కు కూడా ఆ కోణానికి రావాలి. పాట నడుస్తుండగా చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతుంటే ఒక చోట గజ్జెలు, తాళాలు తేటగా విచ్చుకుంటాయి, అక్కడ ఆపండి. ఒక్కో సెంటర్లో చేయించినవి ఒక్కో కోణంలో ఉంటాయి కాబట్టి సెంటర్ వారీగా విడదీసి పెట్టుకుంటే పని తగ్గుతుంది.

ల్యాప్‌టాప్‌లో మైక్ రంధ్రంలో గుచ్చకండి, అది మోనో, సౌండ్ పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తీసుకోండి. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు, ఉచితం. క్వాలిటీ తగ్గని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఫైలుగా చేసి దాచండి, ఫోన్లో వినడానికి వేరే ఎంపీత్రీ చేసుకోండి.

తెనాలి_పిల్లోడు

ధన్యవాదాలు గురూ గారూ. మా బావమరిది దగ్గర పాత సోనీ డెక్కు ఉంది, అడిగాను, ఇస్తానన్నాడు. ముందు సెల్లోటేపువి, తర్వాత రేడియోవి, ఆ తర్వాత చేయించుకున్నవి. కంపెనీ క్యాసెట్లు ఇచ్చేస్తానన్నాను, మా ఆవిడ దానికి ఒప్పుకుంది, పెట్టె మాత్రం సగం అవ్వాలట. ఒక్క అనుమానం: క్యాసెట్‌ని ఒక్కో పాటగా ముక్కలు చేయనా, సైడంతా ఒకే ఫైలుగా ఉంచనా? ఆ "స్" చప్పుడు తీసేయనా?

సైడ్_బి

ముక్కలు చేస్తే ఇంత కష్టం ఎందుకన్నా, ఆ పాటలు ఫోన్లో ఉండనే ఉన్నాయిగా! సైడ్ ఎ ఒక ఫైలు, సైడ్ బి ఒక ఫైలు. చివర్లో ఆ మ్యూజిక్ బిట్ కూడా కట్ చేయొద్దు, మా కష్టం అది.

హెడ్డు_క్లీనర్

చప్పుడు తీసేసే బటన్ అసలు ఫైలు మీద నొక్కొద్దు. ఎక్కువ తీస్తే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అవుతుంది. కాపీ మీద చేసి చూసుకోండి, అదీ రాజంపేట అన్న చెప్పిన లాంటి మాటల క్యాసెట్లకే, పాటలకి అక్కర్లేదు. ఇంకోటి, డెక్కు మీద డాల్బీ బటన్ (ఆ "స్" చప్పుడు తగ్గించేది) ఉంటే ఆఫ్‌లో పెట్టండి, రికార్డింగ్ సెంటర్ల వాళ్ళు చాలామంది డాల్బీ లేకుండానే చేసేవాళ్ళు. సైడ్ బి గారూ, మీ సెంటర్లో వాడేవారా?

సైడ్_బి

బటన్ ఉండేది. దేనికో మాకెవరికీ తెలియదు.